పేల మందు రెండుసార్లు చల్లినా పెట్టలు పాలిపోతున్నాయి, పొదిగే పెట్ట గంప దిగిపోయింది

పెరటిపెట్ట (తణుకు దగ్గరి పల్లె)

అందరికీ నమస్కారం. మా పెరట్లో 11 పెట్టలు, 2 పుంజులు ఉన్నాయి. పెట్టల్లో ఆరు నాటువి, మిగిలిన ఐదు రెండేళ్ల కిందట పిల్లలుగా తెచ్చి పెంచిన వనరాజ అనే సంకర రకానివి. మోకాలెత్తు ఇటుక గోడ మీద వెదురు తడికలు కట్టి, పైన తాటాకు కప్పిన గూడు మాది; రాత్రిపూట కోళ్లు ఎక్కి పడుకోవడానికి లోపల రెండు వెదురు దండేలు అడ్డంగా వేశాము. సంక్రాంతి వెళ్లాక మా పెద్దమ్మ గారి ఊరి నుంచి ఒక పుంజును తెచ్చి, ఆ సాయంత్రమే మిగతా వాటితో కలిపి గూట్లో మూసేశాము. తప్పు అక్కడే మొదలైందేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

నెల తిరిగేసరికి రోజుకు ఆరేడు వచ్చే గుడ్లు మూడుకు దిగాయి. పెట్టల జుట్లు ఎరుపు పోయి, ఉడికించిన రొయ్య పొట్టు రంగుకు వచ్చాయి. ఒక నాటు పెట్టకు 12 గుడ్లు పెట్టి పొదగేస్తే, 13వ రోజున గంప దిగిపోయి మళ్లీ ఎక్కలేదు. గుడ్లు ఎలా ఉన్నాయో చూద్దామని గంపలో చెయ్యి పెట్టిన నిమిషానికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఏవో సన్నటివి పాకాయి. రెండు రోజులు దురద తగ్గలేదు.

మొదట బూడిదలో వేపాకు పొడి కలిపి ఒంటికి రుద్దాను. తరువాత పశువుల మందుల దుకాణంలో ఇచ్చిన పేల పొడిని ఒకసారి, సరిగ్గా ఇరవై రోజులకు మరొకసారి, రెక్కల కింద, తోక కింద పట్టించాను. వారం రోజులు తగ్గినట్టే ఉంటుంది, ఆ తరువాత మామూలే. ఎండలు ముదిరితే పేలు పడతాయని, వానలు పడగానే అవే పోతాయని మా అత్తగారు అంటున్నారు. మందు పనిచేయలేదా, నేను పట్టించడంలో లోపమా? ఇంట్లో చిన్నపిల్లలు ఈ గుడ్లే తింటారు కాబట్టి ఘాటైన మందులంటే భయంగా ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత వెటర్నరీ (కరీంనగర్)

అమ్మా, నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి విరమించినవాడిని. మీరు రాసిన దానిలో రెండు ఆనవాళ్లు నన్ను ఆపాయి. ఒకటి జుట్టు పాలిపోవడం, రెండవది పెట్ట గంప దిగిపోవడం. ఈ రెండూ పేల పనిలా కనిపించడం లేదు.

మనవాళ్లు కోడి ఒంటి మీద కదిలే ప్రతిదానినీ పేను అనేస్తారు. మాటగా అందులో తప్పు లేదు, కానీ మందు దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మాటే కొంప ముంచుతుంది. కోడి పేను పుట్టుక నుంచి చావు దాకా కోడి ఒంటి మీదే ఉంటుంది. దాని తిండి ఈకల పీచు, చర్మపు పొట్టు. ఒంటి పేలలో ఒక రకం లేత ఈకల మొదళ్లను కొరికి కొంత రక్తం కూడా తీసుకుంటుంది గానీ, మొత్తం మంద పాలిపోయేంతగా తాగడం అరుదు. కోడి నుంచి విడిపోతే కొద్ది రోజుల్లోనే చస్తుంది. నల్లి సంగతి వేరు. ఎర్రనల్లి అని మనం పిలవదగిన రకం పగలంతా దండేల పగుళ్లలో, తడికల ముడుల్లో, ఇటుకల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక కోడి మీదికి ఎక్కి రక్తం తాగి, తెల్లవారకముందే దిగిపోతుంది. మీరు పగటిపూట ఎంత శ్రద్ధగా పొడి రుద్దినా, ఆ సమయానికి అది కోడి మీద లేనే లేదు. (మిరప తోటలో ఎర్రనల్లి, మంచంలో నల్లి, గూట్లో నల్లి మూడూ వేరువేరు జీవాలు. పేరు ఒకటే కదా అని మిరప తోటకు కొట్టే మందును గూట్లో కొట్టినవారిని నా ఉద్యోగ కాలంలో చాలామందిని చూశాను.)

కనుక మందు మాట పక్కన పెట్టి, ముందు రెండు పనులు చేయండి. పగలు ఒక పెట్టను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, మల ద్వారం చుట్టూ, రొమ్ము మీద, రెక్కల కింద ఈకలను విడదీసి వెలుతురులో చూడండి. ఎండుగడ్డి రంగులో, దాదాపు మూడు మిల్లీమీటర్ల పొడవున్నవి వెలుతురు పడగానే ఈకల మొదళ్లలోకి పరుగెడితే అవి పేలు. ఈక మొదట్లో తడి బొంబాయి రవ్వ ముద్దకట్టి అతుక్కున్నట్టు తెల్లగా కనిపిస్తే అవి ఈర్లు. అక్కడి ఈకలు మసి పూసినట్టు నల్లబడి ఉంటే మాత్రం పగలు కూడా ఒంటి మీదే ఉండే మరొక నల్లి రకాన్ని అనుమానించాలి. మన వాతావరణంలో అది కూడా ఉంది, పొదుగు గంపలంటే దానికి చాలా ఇష్టం. రెక్కల కింద చర్మానికి పట్టుకుని కదలకుండా ఉన్న నీలి నల్లటి చుక్కలు గోమార్ల (రక్తం తాగే పిడుదుల) పిల్లలు కావచ్చు. కాళ్ల మీది పొలుసులు పైకి లేచి, సున్నం పేరుకున్నట్టు ఉన్నాయేమో కూడా చూడండి.

తరువాత రాత్రి పది దాటాక టార్చి తీసుకుని గూట్లోకి వెళ్లి, పాత తెల్ల గుడ్డతో దండెం అడుగు భాగాన్ని, దండెం గోడకు ఆనే చోటును గట్టిగా తుడిచి, ఆ గుడ్డను వెలుతురులో చూడండి. ఏమి కనిపించిందో రాస్తే తరువాతి సంగతి చెబుతాను. చేతి దురద గురించి కంగారు పడకండి. ఇవి మనిషిని కుడితే కుట్టవచ్చు గానీ మనిషి ఒంటి మీద కాపురం పెట్టలేవు.

పెరటిపెట్ట

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. పగలు నాలుగు పెట్టలను చూశాను. రెండింటికి తోక కింద ఎండుగడ్డి రంగు పురుగులు ఉన్నాయి, ఈకల మొదళ్లలో రవ్వ ముద్దలు కూడా ఉన్నాయి. మిగిలిన రెండూ శుభ్రంగానే కనిపించాయి, కానీ పాలిపోయినవి ఆ రెండే. గోమార్లు కనిపించలేదు. కొత్త పుంజు కాళ్లు మాత్రం మీరు చెప్పినట్టే గరుకుగా, పొలుసులు లేచి ఉన్నాయి. ముసలిది కాబట్టి అలా ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాము.

రాత్రి పదిన్నరకు మా వారు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే నేను గుడ్డతో తుడిచాను. వెదురు కణుపు దగ్గర పగిలిన సందు ఒకటి ఉంది. దాని అంచు పొడవునా నువ్వుల పొడి చల్లినట్టు బూడిద రంగు దుమ్ము ఉంది, ఆ దుమ్ము కదులుతోంది. గుడ్డతో అదిమితే తెల్ల గుడ్డ మీద చిన్న చిన్న రక్తపు గీతలు పడ్డాయి. ఆవగింజలో సగం కూడా లేని పురుగులు, కొన్ని ఎర్రగా, కొన్ని బూడిద రంగులో ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను పగలు కోళ్లను పట్టుకుని తిప్పలు పడుతుంటే ఇవి ఇక్కడ నిశ్చింతగా నిద్రపోతున్నాయన్న మాట. పొదుగు గంప అడుగున గడ్డిలో కూడా అవే ఉన్నాయి.

పాత వెటర్నరీ (కరీంనగర్)

మీ ఇంట్లో మూడూ ఉన్నాయి: ఒంటి మీద పేలు, గూట్లో ఎర్రనల్లి, పుంజు కాళ్లలో పొలుసు నల్లి. ఎర్రగా కనిపించినవి ఆ రాత్రి కడుపు నిండినవి, బూడిద రంగువి ఇంకా ఆకలితో ఉన్నవి. పెట్టలు పాలిపోవడానికి, గంప దిగిపోవడానికి కారణం ఈ ఎర్రనల్లే. పొదిగే పెట్ట రోజులో కొద్ది నిమిషాలు తప్ప గంప దిగదు, మట్టిలో పొర్లదు, కాబట్టి గంపలో చేరిన నల్లులకు 21 రోజుల పాటు వడ్డించిన విస్తరి లాంటిది. వనరాజ పెట్టలు పొదుగుకు రావడం తక్కువ గనుక ఆ బాధ వాటికి తక్కువ, మన నాటు పెట్టకే ఎక్కువ.

ఇక మీ పొడి గురించి. మందు పనిచేయలేదని అనలేను. ఒంటి మీద ఉన్న పేలను అది చంపే ఉంటుంది, అందుకే వారం రోజులు తెరిపి కనిపించింది. కానీ ఈర్ల మీద ఈ పొడులు పెద్దగా పనిచేయవు. ఈరు నాలుగు నుంచి ఏడు రోజుల్లో పగులుతుంది, ఆ పిల్ల పెరిగి మళ్లీ ఈర్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీరు ఇరవై రోజులు ఆగారు కాబట్టి, రెండవసారి పొడి పట్టించేనాటికి కొత్త తరం పెద్దదై ఈర్లు పెట్టేసి ఉంటుంది. రెండవ విడత ఏడు నుంచి పది రోజుల మధ్య పడాలి, అన్ని పక్షులకూ ఒకే రోజున పడాలి. ఒక్క పుంజు తప్పించుకున్నా చాలు, మళ్లీ మొదటికి వస్తుంది.

గూటి పని దానికంటే పెద్దది, ఓపిక కూడా దానికే కావాలి. గూట్లోని చెత్త, ఎరువు, గడ్డి అంతా తీసి కాల్చేయండి. దిబ్బ మీద వేయకండి, నల్లి తిరిగి నడిచి వస్తుంది. ఆ పగిలిన వెదురు దండేలను కూడా కాల్చి, బెరడు తీసి నున్నగా చెక్కిన కర్రలు వేయండి. తాటాకు గూడు కాబట్టి మంట చూపించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. గంపను పెద్ద గంగాళంలో మరిగే నీళ్లలో ముంచి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరబెడితే మళ్లీ వాడుకోవచ్చు. ఇటుక గోడ పగుళ్లను మట్టితో మెత్తి, చిక్కటి సున్నం రెండు పూతలు వేయండి. సున్నం చంపేదాని కంటే, దాగే సందులను పూడ్చి చేసే మేలు ఎక్కువ.

మందు పిచికారీ తప్పదు. 1.25 శాతం డెల్టామెత్రిన్ ద్రావణాన్ని లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ఖాళీ గూట్లో దండేల చివర్లకు, తడికల ముడులకు, తాటాకు వాసాల కీళ్లకు కారేలా తడపమని నేను రాసిచ్చేవాడిని. అయితే సీసాల గాఢతలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి మీ సీసాను మీ ఊరి పశువైద్యుడికి చూపించి మోతాదు ఖాయం చేసుకోండి. కొట్టే ముందు గుడ్లు, నీళ్ల తొట్లు, దాణా బయటకు తీసి, కోళ్లను పెరట్లోకి వదలండి. పూర్తిగా ఆరాకే సాయంత్రం లోపలికి పంపండి. వేడి వాతావరణంలో ఎర్రనల్లి గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి వారానికి రెండవసారి, మరో వారానికి మూడవసారి కొట్టాలి. గూడు కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే ఆకలితో చస్తుందని అనుకునేరు. ఎర్రనల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది.

మీది గోదావరి జిల్లా కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ జాతి మందులు చేపలకు, రొయ్యలకు విషం. పిచికారీ పంపును చెరువు గట్టున గానీ బోదెలో గానీ కడగవద్దు. ఇంట్లో పిల్లి ఉంటే, గూడు ఆరేదాకా దానిని కూడా దూరంగా ఉంచండి.

గుడ్ల గురించి అడిగారు. ఖాళీ గూడుకు జాగ్రత్తగా కొట్టినంత మాత్రాన గుడ్లు పారేయనక్కరలేదు. ఒంటికి పట్టించే మందు అయితే దాని మీద రాసిన గడువు దాటేదాకా ఆ గుడ్లు పిల్లలకు పెట్టవద్దు. కొందరు ఐవర్‌మెక్టిన్ చుక్కలు వేస్తే ఒక్క దెబ్బకు పోతాయని సలహా ఇస్తారు. ఆ మందు అవశేషాలు గుడ్డులోకి దిగి రోజుల తరబడి ఉంటాయి, గుడ్లు పెట్టే కోళ్ల కోసం అనుమతి పొందిన మందు కాదు. గుడ్లు తినే ఇంట్లో డాక్టరు చూడకుండా దాని జోలికి పోవద్దు.

మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. వేసవిలో నల్లి త్వరగా పెరుగుతుంది. కానీ వానాకాలంలో కోళ్లు పొర్లడానికి పొడి మట్టి దొరకదు, అప్పుడు పేలు ఎక్కువవుతాయి. అవే పోవడమన్నది మాత్రం నేను ఏ కాలంలోనూ చూడలేదు.

నల్లమల నీడ (మార్కాపురం)

డాక్టర్ గారు చెప్పిన దానికి నా అనుభవం ఒకటి చేర్చనివ్వండి; ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. నాలుగేళ్ల కిందట మా అసీల్ (పందెం కోడి జాతి) పిల్లలకు పేలు పడితే, మందుల దుకాణంలో అడిగి తెచ్చిన ద్రావణాన్ని మోతాదు చూడకుండా, చిక్కగా ఉంటే గట్టిగా పనిచేస్తుందన్న నమ్మకంతో బకెట్టులో కలిపి పిల్లలను ముంచి తీశాను. పైగా మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఆ పని చేశాను. సాయంత్రానికి మెడలు వాల్చి, నోటి వెంట చొంగ కారుస్తూ, తెల్లారేసరికి 14 పిల్లల్లో 9 చనిపోయాయి. పేలు కూడా చచ్చాయి, అది వేరే సంగతి. లేత పిల్లలను ద్రావణంలో ముంచకూడదని, పెద్ద పక్షులకైనా కొలిచి కలపాలని ఆ రోజు తెలిసింది.

మా నాన్నగారు పొగాకు కాడలు నానబెట్టిన నీళ్లు వాడేవారు. పనిచేసేది, కాదనను, కానీ అందులో ఉండే నికోటిన్ కూడా విషమే, ఎంత దిగిందో కొలిచే దారి లేదు. సీతాఫలం గింజల పొడి కూడా అంతే, కోడి కంట్లో గానీ మన కంట్లో గానీ పడితే ప్రమాదం. వావిలాకు రెమ్మలను పొదుగు గంపలో గడ్డి కింద పరిచే అలవాటును మాత్రం మేము వదల్లేదు. పురుగు చేరకుండా కొంత అడ్డుకుంటుందని నా నమ్మకం, చేరిన దానిని చంపుతుందని చెప్పను.

మీ పుంజు కాళ్ల కోసం కిరోసిన్ పూయమని ఎవరైనా చెప్పవచ్చు. పూయకండి, చర్మం కాలి కుంటుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాళ్లను పది నిమిషాలు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్ది, తుడిచి, పొలుసుల సందుల్లోకి దిగేలా వాజలీన్ దట్టంగా పట్టించాలి. ఆ నల్లి పొలుసు కింద సొరంగం తవ్వుకుని ఉంటుంది కాబట్టి, గాలి అందక చచ్చేదాకా రెండు రోజులకొకసారి చొప్పున మూడు నాలుగు వారాలు పట్టించాలి. లేచిన పొలుసులను గోటితో పీకవద్దు, రక్తం వస్తుంది. కొత్త పొలుసు రావడానికి నెలలు పడుతుంది గనుక, వెంటనే కాళ్లు నున్నబడలేదని విసుగు చెందకండి.

లెస్టర్ తెలుగువాడు (ఇంగ్లండు)

ఇక్కడ మా తోటలో ఆరు కోళ్లు ఉన్నాయి, వాటికి ఇదే ఎర్రనల్లి పట్టింది. ఐరోపాలో 2017 నుంచి ఫ్లూరాలానర్ అనే మందును తాగే నీటిలో, ఏడు రోజుల వ్యవధితో రెండుసార్లు ఇవ్వడానికి అనుమతి ఉంది. రక్తం తాగిన నల్లి చస్తుంది, గుడ్లు పారేయనక్కరలేదు. పశువైద్యుడి చీటీ ఉంటేనే ఇస్తారు. ఇది రాయడానికి అసలు కారణం ఒక హెచ్చరిక. అదే మందు కుక్కల మాత్రల్లో ఉంది కదా అని విరిచి కోళ్లకు పెట్టడం, కుక్కలకు వేసే ఫిప్రోనిల్ చుక్కలను కోడి మెడ మీద వేయడం లాంటి చిట్కాలు వీడియోల్లో తిరుగుతున్నాయి. 2017లోనే నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో కోళ్ల షెడ్లలో ఎర్రనల్లికి కొట్టిన ద్రావణంలో ఫిప్రోనిల్ కలిసిందని బయటపడి, లక్షల కొద్దీ గుడ్లను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆహారంగా వాడే పక్షుల మీద దానిని వాడకూడదని ఇక్కడ నిషేధం ఉంది.

పాత వెటర్నరీ (కరీంనగర్)

మంచి మాట చెప్పారు. బూడిద గురించి ఒకటి మిగిలింది. బూడిదను మీరు చేత్తో రుద్దడం కంటే, కోడే పొర్లేలా నీడలో ఒక తొట్టి పెట్టడం మేలు. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు పెట్టెల్లో రకరకాల పొడులు పోసి కోళ్లను పొర్లనిచ్చి చూస్తే, గంధకం కలిపిన పెట్టె పేలను, ఒంటి నల్లులను దాదాపు తుడిచిపెట్టింది. ఉత్త మట్టి లాంటి పొడులు తగ్గించాయి గానీ, పెట్టె తీసేశాక పురుగు తిరిగి పెరిగింది. కాబట్టి పొడి ఇసుక, జల్లించిన బూడిదతో తొట్టిని ఏడాది పొడవునా ఉంచండి, వానలో తడవనివ్వకండి. దీనితో గూట్లోని ఎర్రనల్లి పోదని మాత్రం గుర్తుంచుకోండి.

కొత్త పక్షి వచ్చినప్పుడు కనీసం మూడు వారాలు విడిగా ఉంచి, రెండుసార్లు ఈకలు విడదీసి చూశాకే కలపండి. పాలిపోయిన పెట్టలు ఆకుపచ్చగా పారుతూ, జ్వరంతో ముడుచుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. అది కొక్కెర తెగులు కావచ్చు, గోమార్ల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పెరటిపెట్ట

అందరికీ కృతజ్ఞతలు. 24 రోజుల తరువాత రాస్తున్నాను. పాత దండేలు, గడ్డి అంతా కాల్చేశాము. మా పశువైద్యుడు సీసా చూసి మోతాదు చెప్పాక, ఏడేసి రోజుల తేడాతో మూడుసార్లు గూడుకు కొట్టాము. పంపును చెరువు దగ్గర కాకుండా ఇంటి వెనుక ఖాళీ స్థలంలోనే కడిగి, ఆ నీళ్లను గుంట తీసి పూడ్చాము. కోళ్లన్నిటికీ ఒకే రాత్రి, దండెం మీద నిద్రలో ఉండగా పొడి పట్టించాము. తొమ్మిదో రోజున మళ్లీ పట్టించాము. రాత్రి పట్టుకుంటే అవి పెనుగులాడకపోవడం వల్ల పని సగం సమయంలోనే అయింది.

మొదటి విడత తరువాత తెల్ల గుడ్డ మీద గీతలు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, రెండవ విడతకు ఏడు, నిన్న రాత్రి ఒక్కటి. ఆ ఒక్కటి మా వారు వేసిన కొత్త కర్ర, గోడకు ఆనే మూలలో ఉంది. అక్కడ మట్టి సరిగా మెత్తలేదని చూసి ఈ రోజు మెత్తాము, మరో వారానికి ఇంకొకసారి కొడతాము. గుడ్లు ఐదుకు వచ్చాయి. గంప దిగిన పెట్ట వదిలేసిన 12 గుడ్లను దీపం ముందు పెట్టి చూస్తే అన్నీ చెడిపోయాయి, పారేశాను. అది మొన్నటి నుంచి మళ్లీ గురగురమంటూ ఈకలు పొంగించి తిరుగుతోంది. ఈసారి ఎండబెట్టిన గంపలో కొత్త గడ్డి, దాని కింద వావిలాకు వేసి, తొమ్మిది గుడ్లతో కూర్చోబెట్టాను. పుంజు కాళ్లకు వాజలీన్ పట్టించే పని మా అత్తగారు తీసుకున్నారు.